బీడీ చాటల నడుమ మాటలు

ఇన్నేళ్ల నౌకరిలో నాకు అబ్బని పని ఒక్కటే ఉంది, బీడీ చుట్టడం. సూదులేశాను, కాన్పులు చేశాను, మోకాలిలోతు వాగు దాటి పోలియో చుక్కలు వేసొచ్చాను. బీడీ మాత్రం ఈ రోజుకీ నా చేతిలో నిలవదు, దారం కట్టేలోపే విప్పుకుంటుంది. కానీ నేను గర్వంగా చెప్పుకునే పనంతా ఆ రాని పని దగ్గర కూర్చునే చేశాను. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

నా పేరు రాజమణి. పుట్టింది బెల్లంపల్లిలో, బొగ్గుబావి కార్మికుడి ఇంట్లో. బావిలో మోతకు చెవులు మందగించి మా బాపు ఇంట్లో కూడా కేకలేసే మాట్లాడేవాడు. ఆ గొంతు నాకొచ్చింది. ఏఎన్‌ఎంగా, అంటే పల్లె నర్సుగా చేరి సూపర్‌వైజర్‌గా దిగాను. జనం మాత్రం మొదటి నుంచి చివరిదాకా సిస్టర్ అనే పిలిచారు. ఎక్కువ కాలం పనిచేసింది వేములవాడకు బస్సులో పోయి అన్నం వేళకు తిరిగొచ్చేంత దూరంలో ఉన్న ఒక మరమగ్గాల ఊళ్లో. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చదివితే మీకే తెలుస్తుంది.

మొన్న కరీంనగర్‌లో కొత్తగా చేరిన ఏఎన్‌ఎం పిల్లలతో మాట్లాడమని పిలిచారు. ఒకమ్మాయి లేచి, "మేడం, చిన్న వయసుల గర్భాలు ఆపుడెట్ల? మేం ఏం చెప్పాలె వాళ్లకు?" అని అడిగింది. "ఏం చెప్పాలె అని కాదు బిడ్డా, ఎక్కడ కూసోవాలె అని అడుగు" అన్నాను. ఇంతలో భోజనాలు వడ్డిస్తున్నారని పిలిచారు, ఆ పిల్ల ముఖం అట్లాగే ఉండిపోయింది. ఆమెకు బాకీ పడ్డ జవాబు ఇది.

మైకు, అరటిపండు, ఫోటో

నేను పనిలో పడ్డ తొలి ఏళ్లలో మా పై అధికారి ఒకాయనకు సదస్సులంటే ప్రాణం. హైస్కూలు హాల్లో ఫ్లెక్సీ కట్టించి, మైకు పెట్టించి, ఆడపిల్లలకు తలా ఒక అరటిపండు పంచేవాడు. మగపిల్లలను గ్రౌండులోకి తోలేసేవాడు. "వాళ్లకు కూడా నాలుగు మాటలు చెప్పాలి కదా సార్?" అన్నాను ఒకసారి. "వాళ్లకెందుకమ్మా? వాళ్లకేమన్నా కడుపొస్తుందా?" అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక మైకులో ఆయన మాటలు: కౌమార దశ, శారీరక పరివర్తన, పునరుత్పత్తి వ్యవస్థ. పిల్లలు అరటిపండు తొక్క వైపు చూస్తూ కూర్చునేవారు. చివర "సందేహాలున్నాయా?" అంటే ఉలుకూ పలుకూ లేదు. "లేవు సార్" అని టీచరమ్మే చెప్పేసేది. తెల్లారి పేపర్లో ఫోటో వచ్చేది, నడుమ సారు, చుట్టూ మేము. కింద 'బాలికలకు అవగాహన' అని ఉండేది. అవగాహన కలిగింది నాకు. ఇట్లా చేస్తే ఇంకో నలభై ఏళ్లకైనా ఒక్క పిల్ల కూడా నోరు విప్పదని తెలిసింది.

తర్వాత ఆదిలాబాద్ నుంచి బదిలీ మీద ఒక డాక్టర్ మేడం వచ్చింది. నేను చూసిన అధికారుల్లో ఆమెకే దండం పెడతాను. ఒక సదస్సుకు వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, అంతా విని, బయటికొచ్చాక ఒక్కటే అడిగింది. "రాజమణీ, గీ పిల్లలు ఎక్కడ నవ్వుతరు?"

నాకర్థం కాలేదు.

"ఇక్కడ నవ్వుతలేరు. నవ్వనికాడ మాట్లాడరు. ఎక్కడ నవ్వుతరో సూడు, గక్కడికి పో."

నర్సవ్వ అరుగు

మా ఊళ్లో మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద. మధ్యాహ్నం అన్నాలు తిని, తడిబట్టలో చుట్టిన తునికాకు తెచ్చుకుని, గల్లీలో ఏదో ఒక అరుగు మీద చేరతారు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. తల్లులు, కోడళ్లు, కాలేజీ నుంచి వచ్చిన బిడ్డలు. నవ్వు వినిపించేది అక్కడ. అందరికంటే పెద్దగా నవ్వేది నర్సవ్వ. మనిషి చిన్నది, నోరు నా అంతది.

నేను పోగానే అందరూ గప్‌చుప్. "ఏం సిస్టరమ్మా, ఎవ్వలకు సూది?" అంది నర్సవ్వ.

"ఎవ్వలకు కాదు. ఊకెనే వచ్చిన. కూసుందామని."

"ఊకె కూసుంటే మా కాడ నడువది. ఇగో, పట్టు." చాట నా ఒళ్లో పెట్టింది.

నేను చుట్టిన మొదటి బీడీని చేతులు మార్చి అందరూ చూశారు. "గిది తాగెటోడు బీడీ తాగడు, బువ్వ లెక్క నములుతడు" అంది నర్సవ్వ. గల్లీ అంతా వినపడేటట్టు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఆరోగ్యం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు మళ్లీ పోయాను.

అక్కడ కూర్చున్నాక నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. బీడీలు చేసేటప్పుడు ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. కళ్లు చాటలో ఉంటాయి, చేతులు ఆగవు. ముఖం చూడాల్సిన పని లేకపోతే సిగ్గు సగం పోతుంది. వారం తిరిగేసరికి ప్రశ్నలు మొదలయ్యాయి. అన్నీ 'దోస్తు' పేరు మీదే. "మా దోస్తు ఒకామె అడుగుతంది సిస్టర్, ముట్టుల ఉన్నప్పుడు ఏం కాదట గదా?" "మా దోస్తుకు ఒకలు చెప్పిండ్రట, మొదటిసారికి కడుపు రాదట, నిజమేనా?" ఆ దోస్తు ఎవరని నేను ఏనాడూ అడగలేదు. తల కూడా ఎత్తలేదు. "వస్తది. మొదటిసారికైనా వస్తది. మీ దోస్తుకు చెప్పు" అనేదాన్ని, తెగిన దారం ముడేసుకుంటూ. కొత్త పిల్లలూ, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. దోస్తు ఎవరని అడిగిన రోజు మీ నౌకరి అయిపోయినట్టే.

ఆ అరుగు వెనకాల ఇంట్లో టీవీ మోగుతూనే ఉండేది. సీరియల్లో కోడలు కళ్లు తిరిగి పడిపోతుంది, డాక్టరమ్మ వచ్చి మణికట్టు పట్టుకుని, కళ్లద్దాలు తీసి, నవ్వి, శుభవార్త చెబుతుంది. ఇన్నేళ్లలో చెయ్యి పట్టుకుని కడుపు చెప్పిన డాక్టరును నేను చూడలేదు. సినిమాలు ఇంకో రకం. వాన పడుతుంది, పాట వస్తుంది, తర్వాతి సీనులో పిల్ల వాంతి చేసుకుంటుంది. నడుమ ఏం జరిగిందో, ఏం జాగ్రత్త పడాల్సిందో ఎవడూ చెప్పడు. "వానకే కడుపులొస్తే మనమంత ఆషాడం నుంచి దసరా దాక ఇంట్లనే ఉండాలె" అని నేనంటే పడీ పడీ నవ్వేవారు. నవ్వించి నవ్వించే గర్భం ఎట్లా వస్తుందో, రాకుండా ఏం చెయ్యాలో, వద్దు అనే హక్కు ఎవరిదో చెప్పాను.

దోస్తు రాలేదు

ఇప్పుడు రమ్య సంగతి చెప్తాను. రమ్య అసలు పేరు కాదు. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్ల, కాలేజీ నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుని బీడీలు చేసేది. చేతివేగం చూస్తే ముచ్చటేసేది. ఒక రోజు తల్లి ఆకు తేవడానికి లేచిన వేళ, తల ఎత్తకుండా అడిగింది.

"సిస్టర్, మా దోస్తుకు నెలసరి తప్పింది. శాన రోజులైంది. గని వాంతులు లేవు, కండ్లు తిరుగలే. గట్లయితే ఏం లేనట్టే గదా?"

ఆ దోస్తు ఎవరో నాకు తెలిసిపోయింది. చేతులు మాత్రం ఆపలేదు. "కండ్లు తిరుగాలని ఏం లేదు బిడ్డా. టీవీల పడ్డట్టు అందరు పడరు. మీ దోస్తును రేపు పొద్దుగాల సబ్‌సెంటర్‌కు రమ్మను. నేనొక్కదాన్నే ఉంట" అన్నాను. నర్సవ్వ వినే ఉంటుంది, పక్కనే ఉంది. అప్పటికప్పుడు తన కోడలి వంట మీద లొల్లి మొదలుపెట్టి అందరి చెవులూ అటు తిప్పింది.

మర్నాడు రమ్య వచ్చింది. గుమ్మంలో నిలబడి, "దోస్తు రాలే సిస్టర్. నేనే వచ్చిన" అంది.

పరీక్ష చేశాను. ఉన్నమాటే. ఆ పిల్ల ఏడవలేదు. "సిస్టర్, నా పరీక్షలు?" అని అడిగింది. ముందుగా వచ్చిన మాట అదే. మా ఊరి కాలేజీలో లెక్కల్లో మొదట ఉండే పిల్ల. ఆ ప్రశ్నతో నాకు పని స్పష్టమైంది. ఈ పిల్ల మళ్లీ ఆ కాలేజీ గేటు దాటాలి, ఎవడి వేలూ ఆమె వైపు చూపించకుండా దాటాలి. మిగిలినవన్నీ దాని తర్వాతే.

కడుపుకు కారణమైన మనిషి మేనబావ వరస. భీవండిలో మగ్గాల మీద పని, దసరాకు వచ్చాడు. వరసైనవాడే కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. రేపోమాపో చేసుకుంటాను కదా అన్నాడట. తిరిగిపోయాక ఫోను ఎత్తడం మానేశాడు. పిల్లకు పద్దెనిమిది నిండలేదు, అతనికి పాతిక. "చట్టం ప్రకారం నేను పైకి చెప్పాలె బిడ్డా. గని నీకు తెల్వకుండ ఎవ్వలకు చెప్ప. ముందుగాల నీకు చెప్పినంకనే చెప్త" అన్నాను. ఆ మాట తప్పలేదు.

ఇంట్లో చెప్పిన పూట తండ్రి మల్లేశం గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తర్వాత లేచి, "ఎట్లయినా ఆనికే ఇచ్చెడిది ఉండె. భీవండి కెళ్లి పిలిపిస్త. సోమారం వేములవాడ రాజన్న గుడి కాడ మూడు ముళ్లు ఏపిస్తే అయిపాయె. ఎవ్వలకు తెల్వది" అన్నాడు.

"మూడు ముళ్లు ఏపిస్తే నీ బిడ్డ వయసు పెరుగుతదా మల్లేశం?"

"ఇజ్జత్ పోతది సిస్టర్!"

"ఇజ్జత్ నీది, పానం దానిది. ఏది ముందుగాల?"

మల్లేశం నా మీదికి లేచాడు. నేనూ లేచాను, బెల్లంపల్లి గొంతు ఊరుకోదు. అప్పుడు మూలన కూర్చున్న తల్లి నోరు తెరిచింది. "నాకు గూడ గీ వయసుల్నే తొలుసూరు కాన్పు. పిల్లగాడు దక్కలే. నేనెంత తిప్పలు పడ్డనో ఎవ్వలకు ఎర్క? అప్పుడు నా మెడల తాళి ఉన్నది, గందుకే ఎవ్వలు అడుగలే. నా బిడ్డకు గది వద్దు." మల్లేశం బయటికి పోయాడు, పొద్దుగూకేదాకా రాలేదు.

తర్వాతి పని డాక్టర్ మేడం చేసింది. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పింది. పోలీసు జీపు ఆ గల్లీలోకి రాకూడదని, ఒంటి మీద యూనిఫాం ఉండకూడదని, వాంగ్మూలం దవాఖానలోనే తీసుకోవాలని పట్టుబట్టింది. మొండిది. ఆమె దగ్గర నేర్చుకున్న మొండితనమే నాకు తర్వాత అన్నం పెట్టింది.

కెమెరా

ఎంత జాగ్రత్త పడ్డా ఎక్కడో ఎవడో నోరు జారాడు. ఒక మధ్యాహ్నం లోకల్ ఛానల్ శ్రీను గల్లీలో దిగాడు. ఛానల్ పేరున్న మైకు, భుజాన కెమెరా. పక్క ఊరి పిల్లగాడే, చురుకైనవాడు. అరుగు దగ్గర ఆగి, "అవ్వా, గా కాలేజి పొల్ల ఇల్లు ఏది?" అని అడిగాడు.

నేను గల్లీ మలుపు తిరిగేసరికి కనపడింది ఇది. అరుగు నిండా ఆడవాళ్లు. రమ్య తల్లి కూడా వాళ్ల నడుమే ఉంది. ఒక్క తల లేవలేదు, ఒక్క చెయ్యి ఆగలేదు.

"ఏ పొల్ల బిడ్డా?" అంది నర్సవ్వ చాటలోకి చూస్తూ.

"గదే, గర్భవతి అయిన పొల్ల."

"మాకేం ఎర్క. మా తలకాయలు పొద్దంత చాటల్నే ఉంటయి."

నాకు ప్రశ్నలు తెచ్చిపెట్టిన ఆ వంచిన తలలే ఆ రోజు గల్లీకి తలుపులు వేశాయి. ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. కానీ శ్రీను కదల్లేదు, కెమెరా వాళ్ల వైపు తిప్పాడు. నేను పోయి దానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"అక్కా, పేరు ఎయ్యం. ముఖం కనపడకుంట చేస్తం. జనానికి అవగాహన రావాలె గదా?"

"ముఖం కనపడకుంట చేసి గల్లీ సూపిస్తవు, తలుపు సూపిస్తవు, ఏడ్సే తల్లిని సూపిస్తవు. ఇంక ఊళ్లె ఎవనికి తెల్వకుంట ఉంటది? తెల్లారి గా పిల్ల కాలేజికి ఎట్ల పోతది? నువ్వు తోలుకపోతవా?"

నా గొంతుకు పక్క గల్లీ వాళ్లు కూడా వచ్చారు. ఇది లొల్లి అయితే అదే వార్త అవుతుందని భయమేసింది. నర్సవ్వకు కూడా అదే తోచినట్టుంది. జరిగి చోటిచ్చి, "కూసో బిడ్డా, ఎండల వడి వచ్చినవు. నిన్ను కన్న మీ అవ్వ ఏం జేస్తది?" అంది.

"బీడీలే చేసింది అవ్వా. ఇప్పుడు చాతనైతలేదు."

"ఏ వయసుల పెండ్లయిందట?"

శ్రీను అరుగు అంచున కూర్చున్నాడు. "పద్నాలుగుల అయిందంటది."

"నువ్వు ఎప్పుడు పుట్టినవు మరి?"

లెక్క అందరికీ తెలుస్తూనే ఉంది.

"అప్పుడు కెమెరా పట్టుకొని ఎవ్వలన్న మీ ఇంటికి వచ్చిండ్రా?" నర్సవ్వ గొంతులో వెక్కిరింపు లేదు. "రాలే. తాళి ఉన్నది గదా. గాజులు తొడిగిచ్చి, పండ్లు పంచిండ్రు. కడుపు గదే, పొల్ల వయసు గదే. తాళి ఉంటే పండుగ, లేకుంటే టీవీ."

శ్రీను మైకు కింద పెట్టాడు. వెళ్లేముందు ఒక్కటే అడిగాడు. "మరి ఏం సూపెట్టాలె అక్కా?"

నా ఉద్యోగంలో ఒక విలేకరి నన్ను అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చేది ఇదొక్కటే. మరుసటి నెల అతను మళ్లీ వచ్చాడు. చేతుల మీదే కెమెరా పెట్టాడు, ఒక్క ముఖం లేదు. బీడీలు చుట్టే చేతులు, వెనకాల 'మా దోస్తు అడుగుతంది' అనే గొంతులు, నా జవాబులు. పైన ఆఫీసులో వాన పాట అతికిస్తామన్నారట. "గట్లయితే నా పేరు తీసెయ్యుండ్రి" అని కొట్లాడి తీయించాడు. దాన్ని చూసి ఇంకో కాలేజీ ప్రిన్సిపాల్ నన్ను పిలిపించాడు. మగపిల్లలను గ్రౌండులోకి తోలొద్దు అని షరతు పెట్టి పోయాను.

అందరూ శ్రీనులే ఉంటారని చెప్పను. ఇప్పుడు ఫోను ఉన్న ప్రతివాడూ విలేకరే. 'మైనర్ ఘాతుకం', 'ప్రేమ పేరుతో' అని ఎర్ర అక్షరాలు, ఏడుపు సంగీతం. పిల్ల ఏ బట్టలు వేసుకుందో రాస్తారు, దగ్గర్లో దవాఖాన ఎప్పుడు తెరిచి ఉంటుందో రాయరు. కడుపు చేసినవాడి ఊసు ఆఖరి వాక్యంలో ఉంటుంది. ఇట్లాంటివి చూసినప్పుడు తిట్టండి, ఫోను చేసి మరీ తిట్టండి. నేను ఇప్పటికీ తిడతాను.

నీకెందుకు?

రమ్యను కొన్ని నెలలు కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంచారు. పుస్తకాలు నేనే మోసుకుపోయేదాన్ని. పరీక్షలు రాసింది, పాసైంది. ఆ మేనబావ మీద కేసు నడిచింది. మల్లేశం బిడ్డతో సరిగా మాట్లాడటానికి ఏడాది పట్టింది. రెండో సంవత్సరం కాలేజీ తెరిచిన రోజు మాత్రం ఎవరికీ చెప్పకుండా, తనే బండి తీసి ఆమెను గేటు దాకా దించి వచ్చాడు. ఆ పూట నేను గేటు ఎదురుగా టీ కొట్టులో ఉన్నాను. నాకేం పని అక్కడ? ఊకెనే కూర్చున్నాను. పిల్ల జడలేసుకుని లోపలికి పోయింది. ఎవరూ తిరిగి చూడలేదు. టీ చల్లారిపోయింది, నేను కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఒకటే అడుగుతారు. కడుపు ఏమైంది? ఉంచుకుందా, తీయించుకుందా? బిడ్డ ఎక్కడుంది? నా జవాబు ఒకటే. నీకెందుకు? ఆ పిల్ల, వాళ్ల అమ్మ, డాక్టర్ మేడం కూర్చుని తేల్చుకున్నారు, చట్టం ఒప్పుకున్న దారిలో తేల్చుకున్నారు. అది ఊరికి సంబంధం లేదు, మీకూ లేదు. ఈ ఒక్క ముక్క తెలియకపోయినా మీరు పనిచేయగలగాలి. చేయలేకపోతే ఇంకో నౌకరి చూసుకోండి.

నా రిటైర్మెంట్ సభ ఊళ్లోనే చేశారు. ముందు రెండు వరుసల్లో మా ఆఫీసు వాళ్లు, వెనక నర్సవ్వ అరుగు మొత్తం, పట్టుచీరల్లో. గోడ పక్కన శ్రీను కెమెరాతో. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి మంచివాడే, నన్ను తెగ పొగిడాడు. పొగిడి పొగిడి, "రాజమణి గారు కాపాడిన ఆ అమ్మాయి ఈ హాల్లోనే ఉందని విన్నాను. ఒక్కసారి వేదిక మీదికి రావాలి. చప్పట్లతో పిలుద్దాం. నలుగురికీ ఆదర్శం!" అన్నాడు.

ఆమె ఉంది. మూడో వరుసలో తల్లి పక్కన, మంచి నౌకరిలో ఉన్న మనిషి, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని. ఏ ఒక్కరు ఆమె వైపు తిరిగినా చాలు.

ఎవరూ తిరగలేదు. శ్రీను కెమెరా కిందికి దించాడు. ఇక వెనక వరుసలు చూడాలి. ఒళ్లో చాటలు లేవు, ఆకు లేదు, తంబాకు లేదు. అయినా నర్సవ్వ తల వంచింది, పక్కామె వంచింది, ఒకరి తర్వాత ఒకరు అందరూ ఒళ్లోకి చూస్తూ కూర్చున్నారు.

నేను మైకు తీసుకున్నాను. "గా పిల్లెవ్వరో నాకు తెల్వది సార్. నా దోస్తు ఒకామె చెప్పింది గా ముచ్చట."

నర్సవ్వ నవ్వు మొదలుపెట్టింది, హాలంతా అందుకుంది. సారు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. ఆ వంచిన తలల నడుమ ఒక్క తల నెమ్మదిగా పైకి లేచింది, నా వైపు చూసి, అందరితో పాటు నవ్వింది.